రోబో పోటీలు – మన పిల్లలు

(ఎల్లారెడ్డిపేటలో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మామూలుగా స్కాలర్‌షిప్పుల గూర్చి, పెళ్ళి ఖర్చుల గూర్చి, దుబాయి మస్కట్ వెళ్ళేవాళ్ళ కాగితాల గూర్చి మాట్లాడుకుంటాం. ఈసారి సంఘంవారు మమ్మల్ని విద్యార్థుల రోబో పోటీల మీద మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే కొందరు పెద్దలు నవ్వారు గూడా. నవ్వితే తప్పేం లేదు. సినిమాలో కనిపించే రోబో వేరు, మేము సెలవుల్లో పిల్లల చేత చేయించే రోబో వేరు. ఇది రెండు అరచేతులంత వుండే బండి. రెండు మోటార్లు, రెండు చక్రాలు, ముందు ఆనుకోవటానికి ఒక గుండు చక్రం, బ్యాటరీలు, ఒక చిన్న సర్క్యూటు పలక. బజారులో పిల్లలకు కొనిపెట్టే ఆటబొమ్మకూ దీనికీ తేడా ఒక్కటే. ఆటబొమ్మ గోడకు గుద్దుకునేదాకా పోతుంది. ఇది ఎదర ఏముందో చూసి, దాన్నిబట్టి నడక మార్చుకుంటుంది. ఆ చూసే భాగాన్ని సెన్సర్ అంటారు.

పేరు కొత్తదిగానీ పని మనకు కొత్త గాదు. సిరిసిల్లలో సాంచలు నడిపినవాళ్ళు ఈ సభలో చాలామందే వున్నారు. నాడె అటూయిటూ కొడుతుండగా పేక తెగిందనుకోండి, లేదా కండె అయిపోయిందనుకోండి. సాంచ తనంతట తనే ఆగుతుంది. అంచున వుండే చిన్న ఫోర్కు ప్రతిసారీ పేక దారాన్ని తడిమి చూస్తుంది. దారం తగిలితే ఫోర్కు పక్కకు జరుగుతుంది, సాంచ నడుస్తుంది. దారం తగలకపోతే ఫోర్కు జరగదు, ఆ జరగకపోవటమే సాంచను ఆపుతుంది. అందులో కరెంటూ లేదు, కంప్యూటరూ లేదు. అయినా అది సెన్సరే. అలాగే మసీదులో వుజూ నీళ్ళ టాంకులో తేలే గుండు వుంటుంది. నీళ్ళు నిండగానే పైకి లేచి గొట్టం మూస్తుంది. అదీ అంతే.

ఈ విద్యలో మనం గుర్తు చేసుకోవలసిన పెద్దమనిషి ఒకరున్నారు. అల్ జజరీ. ఇప్పటి తుర్కీ దేశంలో వున్న దియార్ బకర్‌లో అర్తుఖీ రాజుల కొలువులో పనిచేసిన యంత్రకారుడు. 1206లో తన యంత్రాల గూర్చి బొమ్మలతో సహా ఒక గ్రంథం పూర్తి చేశాడు. నీటిని ఎత్తే యంత్రాలు, గడియారాలు, చేతులు కడగటానికి నీళ్ళు పోసే బొమ్మ, పడవలో కూర్చుని వాద్యాలు వాయించే నలుగురు బొమ్మ మనుషులు, ఇలాంటివన్నీ అందులో వున్నాయి. ఆయన పేరు చెప్పి గర్వపడి వూరుకోవటానికి మేము ఈ మాట ఎత్తలేదు. ఆ గ్రంథం మొదట్లో ఆయన పాతవాళ్ళ గూర్చి ఒక ఫిర్యాదు చేస్తాడు. వాళ్ళు యంత్రాలను వర్ణించారుగానీ అన్నిటినీ సరిగా పరీక్షించి చూడలేదని, చేసి చూడని విద్య నిజమో కాదో తేలదని ఆయన అభిప్రాయం. ఎనిమిది వందల యేళ్ళ కిందటి ఆ ఫిర్యాదు ఇవాళ మన పిల్లలు సైన్సు ఎగ్జిబిషన్‌కు తీసుకుపోయే ప్రాజెక్టులకు గూడా సరిగ్గా వర్తిస్తుంది. ఆ సంగతికి కాస్త ఆగి వస్తాం.

ముందు బండి ఎట్లా నడుస్తుందో చెప్పాలి. అది తెలియకపోతే తక్కినదంతా గాలిమాట అవుతుంది.

పోటీల్లో అన్నిటికన్నా సులువైనది గీత వెంట నడిపే పోటీ. తెల్లని చార్టు మీద నల్లని టేపు అంటించి వంకరటింకర దారి వేస్తారు. ఆ టేపును వదలకుండా బండి ఎవరి చెయ్యీ తగలకుండా చివరిదాకా పోవాలి. బండి అడుగున, నేలకు దగ్గరగా, జంటలు జంటలుగా సెన్సర్లు వుంటాయి. ప్రతి జంటలో ఒకటి పరారుణ కాంతిని కిందికి విడుస్తుంది, రెండోది తిరిగొచ్చిన కాంతిని కొలుస్తుంది. టీవీ రిమోటులో వుండేది గూడా ఈ కాంతే. మన కంటికి కనబడదుగానీ చాలా సెల్ ఫోన్ల కెమెరాలో చూస్తే ఊదారంగులో మెరుస్తుంది. బల్బు బతికి వుందో లేదో పిల్లలు అట్లాగే పట్టుకుంటారు. తెలుపు మీద పడ్డ కాంతి ఎక్కువగా తిరిగొస్తుంది. నలుపు మీద పడ్డది చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఎండలో నల్లచొక్కా వేసుకుంటే ఒళ్ళు కాలేది గూడా అందుకే.

ఇక్కడే మొదటి చిక్కు. మన కంటికి నల్లగా వున్నదంతా ఆ సెన్సర్‌కు నల్లగా కనపడదు. కొన్ని మార్కర్ పెన్నుల సిరా, కొన్ని నల్ల అద్దకాలు పరారుణ కాంతిని తెల్లకాగితం లాగానే తిప్పి పంపిస్తాయి. మా దగ్గర ఒక జట్టు ఎంతో ఓపికగా పెన్నుతో నల్లగీత గీసింది. బండి ఆ గీత మీదే నిలబడి, గీత ఎక్కడా లేనట్టు గుండ్రంగా తిరిగింది. ప్రోగ్రాము పదిసార్లు చూసుకున్నారు. చివరకు ఒక అబ్బాయి కరెంటు పనివాళ్ళు చుట్టే నల్లటేపు ముక్కను ఆ గీత మీదనే అతికించాడు. బండి వెంటనే దారిలో పడింది. ఏం నేర్చుకున్నారని అడిగితే వాడు, "సర్, మనకు అగుపడ్డట్టు దానికి అగుపడది. దానికి ఎట్ల అగుపడ్తదో అడగాలె" అన్నాడు. ఇంతకన్నా బాగా మేము చెప్పలేం.

అడగటం అంటే కొలవటం. ఆర్డుయినో అనే సర్క్యూటు పలక వుంది. 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో చదువు చెప్పేవాళ్ళు విద్యార్థుల కోసం తయారుచేసినది. దాని నమూనా అందరికీ బహిరంగంగా ఇచ్చేశారు గనుక ఇవాళ చవకగా దొరుకుతున్నది. పిల్లలు వాడే ఊనో రకం పలక సెన్సర్ నుంచి వచ్చే వోల్టేజిని 0 నుంచి 1023 లోపు అంకెగా చూపిస్తుంది. తెలుపు మీద 80, నలుపు మీద 800 వస్తున్నదనుకోండి. నడుమ 440 దగ్గర హద్దు పెట్టి, అంతకన్నా తక్కువైతే తెలుపు, ఎక్కువైతే నలుపు అని ప్రోగ్రాములో రాస్తారు. గదిలో చక్కగా నడుస్తుంది. తీసుకుపోయి కిటికీ పక్కన, ఎండ పడేచోట పెట్టండి. ఎండలో పరారుణ కాంతి దండిగా వుంటుంది. ఇప్పుడు నలుపు మీద గూడా అంకె 300కు దిగింది. హద్దు 440 దగ్గరే వుంది. పాపం, బండికి లోకమంతా తెల్లగానే కనిపిస్తుంది.

దీనికి విరుగుళ్ళు వున్నాయి. నల్లచార్టు ముక్కతో సెన్సర్ల చుట్టూ చిన్న పరదా కట్టవచ్చు. సెన్సర్లను నేలకు మరికాస్త దించవచ్చు. అన్నిటికన్నా మంచిది, నడక మొదలుపెట్టే ముందు బండి తనంతట తను గీత మీద కుడికీ ఎడమకీ కొద్ది సెకన్లు తిరిగి, అక్కడి వెలుతురులో అన్నిటికన్నా తక్కువ అంకె ఎంతో, ఎక్కువ అంకె ఎంతో చూసుకుని, హద్దు తానే పెట్టుకునేటట్టు రాయటం. ఇంకా తెలివైన పద్ధతి ఒకటుంది. బల్బు ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి కొలిచి, మొదటిదాన్ని రెండోదానిలోంచి తీసివేయటం. ఎండ వాటా పోయి బల్బు వాటా మాత్రం మిగులుతుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఈ తీసివేత ఎందుకో చెప్పగలిగితే ఆమెకు సైన్సు వచ్చినట్టే లెక్క. బండి గెలిచినా గెలవకపోయినా సరే.

గీత కనిపించిన తర్వాత నడక సంగతి. మొదట పిల్లలందరూ ఒకేలా రాస్తారు: ఎడమకు పోతే కుడికి తిప్పు, కుడికి పోతే ఎడమకు తిప్పు. బండి కొత్తగా సైకిలు నేర్చుకునేవాడిలా ఊగుతూ పోతుంది. వేగం పెంచగానే వంపు దగ్గర దారి తప్పుతుంది. సైకిలు వచ్చినవాడు హ్యాండిల్‌ను ఎప్పుడూ ఒకేలా తిప్పడు గదా. కొంచెం ఒరిగితే కొంచెం, బాగా ఒరిగితే బాగా తిప్పుతాడు. తిరిగి దారిలోకి వస్తుండగానే, పూర్తిగా రాకముందే, చేయి సడలిస్తాడు. ఓడ చుక్కాని పట్టేవాళ్ళు గూడా సరిగ్గా ఇట్లాగే చేస్తారని గమనించి, 1922లో మినోర్‌స్కీ అనే ఇంజనీరు దాన్ని లెక్కలోకి దించాడు. ఎంత తప్పామో చూడు, ఎంత వేగంగా తప్పుతున్నామో చూడు, ఎంతసేపటినుంచి ఒకేవైపు తప్పుతున్నామో చూడు, మూడూ కలిపి సవరించు. ఇవాళ ఫ్యాక్టరీల్లో బాయిలర్ వేడి నిలబెట్టేదీ, డ్రోనును గాలిలో నిలబెట్టేదీ ఎక్కువచోట్ల ఈ లెక్కే. మన పిల్లల బండీ దీన్నే వాడుతుంది. రెండు సెన్సర్లతో ఇది అంత బాగా కుదరదు. అయిదు వుంటే గీత నడుమనుంచి ఎంత జరిగామో కాస్త నికరంగా తెలుస్తుంది.

ఎదర గోడలున్న పోటీల్లో ధ్వనితో దూరం కొలిచే సెన్సర్ పెడతారు. సెకనుకు 40,000 కంపనాలుండే, మన చెవికి వినపడని ధ్వనిని విడిచి, గోడకు తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని కొలుస్తుంది. మీటరు దూరంలో వున్న గోడకు పోయి రావటానికి సెకనులో సుమారు 170వ వంతు చాలు. పుస్తకాల్లో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లని వుంటుంది. అది చల్లని పూట లెక్క. మన దగ్గర మే నెలలో 42 డిగ్రీల వేడిలో ధ్వని 356 మీటర్ల దాకా పోతుంది. 340 అని రాసుకున్న బండికి మీటరు దూరం 95 సెంటీమీటర్లుగా తోస్తుంది. ఒక వేలి దూరంలో ఆగవలసిన పోటీలో అయిదు సెంటీమీటర్లు తక్కువ గాదు. అంతేగాక, గోడను చూసి బుద్ధిగా ఆగిన బండి మెత్తని పరదాను చూసి ఆగదు. బట్ట ధ్వనిని మింగుతుంది. గోడ ఏటవాలుగా వుంటే ప్రతిధ్వని పక్కకు పోతుంది. ఇవన్నీ చార్టు మీద రాసి వల్లించే పాఠాలు గావు. బండి గుద్దుకుంటేనే అర్థమవుతాయి.

ఈ పోటీలకు ఒక చరిత్ర వుంది. అదీ చెప్పుకోదగ్గదే.

ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రజ్ఞుడు 1948-49 ప్రాంతంలో రెండు తాబేళ్ళను చేశాడు. ఎల్మర్, ఎల్సీ అని పేర్లు. ఒక్కొక్కదానిలో వెలుతురు పట్టే కన్ను ఒకటి, తగిలితే తెలిసే డిప్ప ఒకటి, రెండు వాక్యూమ్ ట్యూబులు, రెండు మోటార్లు, అంతే సరంజామా. అంతకే అవి దీపం వైపు నడిచి, అడ్డం వస్తే తప్పుకుని పోయేవి. ఆ తర్వాత అమెరికాలో ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ పత్రిక 1977లో ఒక పోటీ ప్రకటించింది. ఎవరి సాయం లేకుండా చిక్కుదారిలో తోవ వెతుక్కునే యంత్రపు ఎలుకను తయారుచేయాలని. 1979లో న్యూయార్క్‌లో తుది పోటీ జరిగింది. గొప్ప తెలివిగల ఎలుకలు వచ్చాయి. కానీ అన్నిటికన్నా వేగంగా బయటపడ్డది, దారిని గుర్తుపెట్టుకునే తెలివి ఏమీ లేకుండా గోడను ఆనుకుని పరుగెత్తినది! బయటికి పోయే ద్వారం అంచున వుంది మరి. ఒకవైపు గోడను వదలకుండా పోతే ఎప్పటికో ఒకప్పటికి అక్కడికే చేరతాం. 1980లో యూరప్‌లో ఈ పోటీ పెట్టినప్పుడు జాన్ బిలింగ్స్‌లీ అనే ఆచార్యుడు గమ్యాన్ని చిక్కుదారి నట్టనడుమకు మార్చాడు. ఇక గోడను పట్టుకుని తిరిగే ఎలుక చుట్టూ తిరగటమేగానీ లోపలికి పోలేదు. అప్పటినుంచి దారిని గుర్తుపెట్టుకునే, దగ్గరిదారి లెక్కగట్టే ఎలుకలే గెలుస్తున్నాయి. గళ్ళు 16 అడ్డం, 16 నిలువు, ఒక్కొక్క గడి 18 సెంటీమీటర్లు. జపాన్‌లో 1980లో మొదలైన పోటీ ఇప్పటికీ నడుస్తున్నది.

నియమం ఒక్కటి మారేసరికి నిన్నటి విజేత పనికిరాకుండా పోయింది చూడండి. ఇక మేము ముందు చెబుతామన్న సంగతికి వస్తున్నాం. కొందరికి నచ్చకపోవచ్చు.

మన ప్రాంతంలో సైన్సు ఎగ్జిబిషన్ తేదీ దగ్గర పడగానే తల్లిదండ్రులు పట్నానికి బయలుదేరుతున్నారు. అక్కడ తయారైన ప్రాజెక్టులు అమ్ముతారు. పెట్టెలో బండి, దాంతోబాటు పిల్లవాడు అప్పజెప్పవలసిన కాగితం గూడా. తండ్రి సౌదీలో ఎండలో నిలబడి పంపిన డబ్బు, తల్లి బీడీలు చుట్టి దాచిన డబ్బు దానికి పోస్తున్నారు. వాళ్ళను మేము తప్పు పట్టటంలేదు. పిల్లవాడు నలుగురిలో చిన్నబోగూడదని వాళ్ళ ఆరాటం. కార్యవర్గంలో గూడా ఈ యేడు సంఘం డబ్బుతో మంచి రోబోలు రెండు తెప్పిస్తే మన పిల్లలకు జిల్లాలో బహుమతి ఖాయమని ఒక ఆలోచన వచ్చింది. సదుద్దేశంతో వచ్చిందే. కానీ మేము దానికి ఒప్పుకోలేకపోతున్నాం. కారణం నీతి ఒక్కటే గాదు. కొన్న బండి ఓడిపోతుంది.

ఎందుకంటారా? ఆ బండికి హద్దు పెట్టినది పట్నంలో ఒక దుకాణంలో, ట్యూబులైటు కింద. పోటీ జరిగేది బడి వరండాలో, పదకొండు గంటల ఎండలో. బ్యాటరీ అప్పుడు నిండుగా వుంది, ఇప్పుడు సగం వుంది. బ్యాటరీ దిగితే మోటారు మెల్లగా తిరుగుతుంది. నిన్న సరిపోయిన మలుపు ఇవాళ సరిపోదు. చవకబండ్లలో మోటార్లను నడిపే చిన్న చిప్పు తనే రెండు వోల్టులకు పైగా మింగుతుంది, అది మరొక దెబ్బ. నేల నున్నగా వుంటే చక్రం జారుతుంది. సొంతంగా చేసిన పిల్ల అయితే పాత సైకిలు ట్యూబు కోసి చక్రానికి తొడుగుతుంది. కొన్న పిల్లవాడు అమ్మినవాడికి ఫోను చేస్తాడు. ఆ తర్వాత న్యాయనిర్ణేత వచ్చి, "నల్లచార్టు మీద తెల్లగీత వేస్తే నడుస్తుందా?" అని ఒక్క ప్రశ్న అడుగుతాడు. సొంతంగా చేసిన పిల్ల ప్రోగ్రాములో ఒక గుర్తు తిరగేసి, రెండు నిమిషాల్లో నడిపి చూపిస్తుంది. అవతలివాడు కాగితంలో వెతుక్కుంటాడు, అందులో వుండదు. పదమూడేళ్ళ పిల్లవాడు అందరి ముందు తల వంచుకుని నిలబడటం మేము కళ్ళారా చూశాం. బహుమతి కోసం పోసిన డబ్బుతో ఆ పిల్లవాడికి కొనిచ్చింది ఆ తల వంపు.

తయారుచేయటం ఒక ఆదివారం పని. తీర్చిదిద్దటం మూడు నెలల పని. చదువు వుండేది ఆ మూడు నెలల్లోనే. అందుకని మేము ప్రతి జట్టుకూ ఒక నోటుపుస్తకం పెట్టించాం. తేదీ, వేళ, ఎక్కడ నడిపారు, బ్యాటరీ ఎన్ని వోల్టులు, ఏం మార్చారు, ఏమైంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే బాగుపడింది దేనివల్లనో, చెడిపోయింది దేనివల్లనో ఎవరికీ తెలియదు. పిల్లలకు ఇది మహా విసుగు. అయినా ఒక జట్టు బండి పొద్దున నడిచి సాయంత్రం వంపు దగ్గర తప్పుతుంటే, అందరూ వెలుతురునే అనుమానించారు. పుస్తకం రాసే అమ్మాయి మాత్రం వెనక్కి పేజీలు తిప్పి, తప్పిన ప్రతిసారీ బ్యాటరీ ఏడు వోల్టులకు దిగువనే వున్నదని చూపించింది. దీపాలార్పిన గదిలో నిండు బ్యాటరీతో నడిపితే బండి తప్పలేదు. తగువు అక్కడితో తీరింది.

పెద్ద ఎత్తున జరిగినదీ ఇదే. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 విక్రమ్ చంద్రుడి మీద కూలిపోయిన వార్త మనందరికీ జ్ఞాపకం. ఆ తర్వాత ఇస్రోవాళ్ళు ఏమేమి తప్పవచ్చునో ఒక్కొక్కటే వరుసపెట్టి చూశారు. దిగవలసిన చోటును అర కిలోమీటరు చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. కాళ్ళు గట్టిపరచారు. ఇంధనం పెంచారు. అయిదు ఇంజన్లలో నడుమది తీసేశారు. దిగే వేగాన్ని నేరుగా కొలిచే లేజరు సెన్సర్ కొత్తగా పెట్టారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది. 26 కిలోల ప్రగ్యాన్ బండి బయటికొచ్చి, నాలుగు రోజులకు తన ఎదర 3 మీటర్ల దూరంలో 4 మీటర్ల వెడల్పు గుంట ఒకటి చూసింది. వెనక్కి తిరిగి వేరే దారి పట్టింది. మన పిల్లల బండి గోడను చూసి తిరగటానికీ దీనికీ ఖర్చులో కోట్ల తేడా వుందిగానీ, పనిలో బంధుత్వం వుంది.

"సరే భాయ్, ఇదంతా బాగానే వుంది, రోబో అన్నం పెడుతుందా?" అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. సరైన ప్రశ్న. రోబో పెట్టదు. సెన్సర్ ఎందుకు తప్పు చెబుతున్నదో కనిపెట్టే నేర్పు పెడుతుంది. కొత్తరకం మగ్గాల నిండా సెన్సర్లే. లిఫ్టుల్లో, కార్లలో, నీళ్ళ ప్లాంట్లలో, ఆసుపత్రి యంత్రాల్లో వున్నవీ అవే. మనూళ్ళనుంచి పరదేశం పోయేవాళ్ళలో హెల్పరుగా పోయినవాడికీ టెక్నీషియన్‌గా పోయినవాడికీ జీతంలో, గౌరవంలో ఎంత తేడా వుందో ఈ సభకు మేము చెప్పనక్కరలేదు. పోకుండా ఇక్కడే వుండి బతకగలిగితే మరీ మంచిది.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. మొదటి యేడు సెలవుల తరగతికి అబ్బాయిలతో సమానంగా వచ్చారు. నెల తిరిగేసరికి ఇద్దరు మిగిలారు. తెలివి తక్కువై గాదు, ఆసక్తి పోయి గాదు. తరగతి సాయంత్రం పెట్టాం, చీకటి పడితే ఇళ్ళలో పంపటంలేదు. వేళను పొద్దున ఎనిమిదికి మార్చి, ఇద్దరు అమ్మలు వచ్చి గదిలో కూర్చునే ఏర్పాటు చేసినాక తిరిగి వచ్చారు. ఆ అమ్మలు బీడీల చాట గూడా తెచ్చుకుని, చుట్టుకుంటూనే చూసేవారు. వారిలో ఒకామె ఇప్పుడు టంకం అతుకు సరిగా పడిందో లేదో చూసి చెప్పగలదు. మెరిస్తే మంచిది, మసకగా వుంటే పనికిరాదు అని. తాళం అంత చిన్నది వేస్తే ఇంతమంది పిల్లల చదువు ఆగింది. వేళ మార్చటానికి సంఘానికి దమ్మిడీ ఖర్చు కాలేదు.

పోటీలకు దారులు లేవనుకోవద్దు. ఇన్‌స్పైర్ మనక్ పథకంలో ఆరో తరగతి నుంచి పిల్లల ఆలోచనలను బడివాళ్ళే అయిదు వరకు పంపవచ్చు. ఎంపికైతే నమూనా చేసుకోవటానికి 10,000 రూపాయలు వస్తాయి. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకోసమే. మంజూరైన బడికి 20 లక్షల దాకా ఇచ్చారు. మన పిల్లలు చదివే బడిలో వుందో లేదో, వుంటే దాని తలుపులు తెరుస్తున్నారో లేదో తల్లిదండ్రులు వెళ్ళి అడగాలి. తాళం వేసిన ల్యాబు కన్నా తెరిచివున్న మన గది మేలు. పెద్ద చదువులకు పోయినవాళ్ళకు ఐ.ఐ.టి. బొంబాయివాళ్ళ ఈ-యంత్ర పోటీ 2012 నుంచి వుంది. వరంగల్ ఎన్.ఐ.టి.లో టెక్నోజియాన్ ఉత్సవం వుంది. సిరిసిల్లలో 2021లో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. అక్కడ చదివే మన పిల్లలు నెలకొక ఆదివారం వచ్చి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చూపిస్తే మాకు చాలా బరువు తగ్గుతుంది.

ఇక సంఘం చేయవలసినది. గీత వెంట నడిచే ఒక బండి సామాను ఇప్పటి ధరల్లో సుమారు 1,500 నుంచి 2,000 రూపాయల్లో వస్తుంది. సామాను హైదరాబాదు కోఠిలో విడివిడిగా దొరుకుతుంది. కట్టుకున్న బండ్లు రెండు కొనే డబ్బుతో అయిదారు జట్లకు విడి సామాను, రెండు సోల్డరింగ్ ఐరన్లు, వోల్టులు కొలిచే మీటరు ఒకటి, పొడుగాటి బల్ల ఒకటి వస్తాయి. బండి ఎవరి ఇంటికీ పోగూడదు. పోటీ అయిపోగానే విప్పి, సామాను డబ్బాలో పెట్టి, వచ్చే యేటి పిల్లలకు ఇవ్వాలి. నోటుపుస్తకాలు మాత్రం గదిలో బీరువాలో దాచాలి. ఎవరైనా తీసి చదవవచ్చు. చదివి ముందువాళ్ళు ఎక్కడ తిప్పలు పడ్డారో చూసుకోవచ్చు.

ఇళ్ళల్లో పాడైన ప్రింటర్లు, పిల్లల మోటారు బొమ్మలు, పాత ఛార్జర్లు, చిరిగిన సైకిలు ట్యూబులు వుంటే పారవేయక పంపించండి. ఉబ్బిన సెల్ ఫోన్ బ్యాటరీలు మాత్రం పంపవద్దు, అవి అంటుకుంటాయి. తరగతి శుక్రవారం తప్ప సెలవులన్నాళ్ళూ పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర వరకు. సెలవులు అయిపోయినాక ఆదివారం ఆదివారం. ఆరో తరగతి నుంచి ఎవరైనా రావచ్చు, వేరే మతం పిల్లలు వచ్చినా కూర్చోబెడతాం, ఇప్పటికే ముగ్గురు వస్తున్నారు. సోల్డరింగ్ ఐరన్ పెద్దవాళ్ళు గదిలో వున్నప్పుడే వేడిచేయాలి. పేర్లు ఇవ్వదలచినవాళ్ళు భోజనాలకు లేవకముందే కార్యదర్శిగారి దగ్గర రాయించండి. అమ్మాయిల పేర్లు ముందు రాయమని వారికి చెప్పివుంచాం.